కొలిచి చూపి అప్పగించే మరమ్మతు: మా ఆసుపత్రికి వచ్చిన స్వచ్ఛంద బృందం సేవపై సమీక్ష

వరంగల్, హన్మకొండ, ములుగు ప్రాంతాల్లోని చిన్న ఆసుపత్రులకు వెళ్ళి, పాడై మూలనపడిన వైద్య పరికరాలను కూలి తీసుకోకుండా బాగుచేసి ఇచ్చే ఒక స్వచ్ఛంద బృందం కిందటి వేసవిలో మా ట్రస్టు ఆసుపత్రికి వచ్చి పనిచేసింది. పరికరాల కంపెనీల్లో సర్వీసు ఇంజనీర్లుగా పనిచేసి ఉద్యోగ విరమణ పొందిన పెద్దలు, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించే ఒక అధ్యాపకుడు, సెలవులకు ఇళ్ళకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు కొందరు ఇందులో ఉన్నారు. తమ పేర్లు ఎక్కడా రాయవద్దని కోరారు కనుక రాయడం లేదు. నేను ఇక్కడ నర్సింగ్ విభాగం బాధ్యతలు చూస్తున్నాను. వాళ్ళు బాగుచేసిన పరికరాలతో పగలూ రాత్రీ పనిచేసేది మేమే కనుక, వాటిలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచేదాకా చూసి ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇలాంటి సేవ ఎందుకు అవసరమైందో ముందు చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరికరాల నిర్వహణకు జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో ఒక కార్యక్రమాన్ని ప్రారంభించింది. దానికి ముందు జరిపిన పరిశీలనలో రాష్ట్రాన్నిబట్టి 13 నుంచి 34 శాతం పరికరాలు పనిచేయకుండా పడి ఉన్నాయని తేలింది. ఆ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పరికరాలు 95 శాతం సమయం, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో 90 శాతం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 80 శాతం సమయం పనిచేసే స్థితిలో ఉండాలన్న నియమం పెట్టారు. మా వంటి ట్రస్టు ఆసుపత్రులు ఆ గొడుగు కిందికి రావు. మేము కంపెనీతో ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కుదుర్చుకోవాలి, లేదా పరికరం ఆగిన ప్రతిసారీ హైదరాబాద్ నుంచి ఇంజనీరును పిలిపించి, రానుపోను ఖర్చులు, విజిట్ చార్జీ, విడిభాగం ధర అన్నీ చెల్లించాలి. పాత పరికరానికి ఈ మొత్తం కలిపితే ఒక్కోసారి దాని విలువనే మించిపోతుంది. అందుకే ఎవరూ పిలవరు, పరికరం స్టోర్ రూముకు చేరుతుంది, దానిమీద మరొకటి చేరుతుంది.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ మాల్కిన్, తన సహ పరిశోధకురాలితో కలిసి 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఎంతో ధైర్యం ఇస్తుంది. వనరులు తక్కువగా ఉన్న 11 దేశాల్లోని 60 ఆసుపత్రుల నుంచి వచ్చిన 2,849 మరమ్మతు అభ్యర్థనలను వాళ్ళు పరిశీలించారు. ఇంజనీర్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు స్థానికంగా దొరికే సామగ్రితోనే ప్రయత్నించగా, ఆగిపోయిన పరికరాల్లో 72 శాతం విదేశీ విడిభాగాల అవసరం లేకుండానే మళ్ళీ వాడుకలోకి వచ్చాయి. అంటే మూలనపడిన పరికరాల్లో ఎక్కువ భాగం చచ్చిపోయినవి కావు. కరెంటు సరఫరా, ప్లగ్గు, ఫ్యూజు, గొట్టం, ఫిల్టరు, వాడే పద్ధతి వంటి చిన్న కారణాల దగ్గర ఆగిపోయినవి. మా స్టోర్ రూములో బయటపడినది కూడా అచ్చంగా ఇదే.

బృందం వచ్చిన రోజు మేము పరికరాలన్నీ వరుసగా పేర్చి సిద్ధంగా ఉన్నాము. వాళ్ళు మాత్రం వాటిని ముట్టుకోకుండా, ముందు వార్డుల్లోని ప్లగ్ పాయింట్లను చూపించమన్నారు. ఆపరేషన్ థియేటర్, నవజాత శిశువుల గది, ప్రసూతి వార్డు, ల్యాబ్ అన్నీ తిరిగి ఒక్కొక్క సాకెట్‌లో వోల్టేజి ఎంత ఉంది, ఎర్తింగ్ ఉన్నదా లేదా అని కొలిచి గోడమీదనే చిన్న స్టిక్కరు అంటించారు. రోహిణి కార్తె ఎండలకు నేల ఎండిపోయి ఎర్త్ పిట్టులో తడి లేకపోవడం ఒక కారణం, ఎప్పుడో వైరింగు మార్చినప్పుడు ఆకుపచ్చ తీగను కలపకుండా వదిలేయడం ఇంకొక కారణం. ఏది ఏమైనా కొన్ని గదుల్లో ఎర్తింగ్ లేదన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఈసీజీ కాగితం మీద గీత సన్నగా రాకుండా రంపపు పళ్ళలా వస్తోందని డాక్టర్లు ఏనాటినుంచో అంటున్నది ఈ లోపం వల్లనే. సరఫరాలోని 50 హెర్ట్జ్ తరంగం రోగి గుండె సంకేతంలో కలిసిపోతోంది. పిట్టులో నీళ్ళు పోయించి, తీగ కలిపిన తరువాత, ఈసీజీ యంత్రాన్ని విప్పకుండానే గీత శుభ్రంగా వచ్చింది. ఒక యంత్రంలో మాత్రం ఫ్యూజు ఉండవలసిన చోట ఎవరో రాగి తీగ చుట్టి పెట్టారు. అది చూసి ఆ బృందంలోని పెద్దాయన నిజంగా బాధపడ్డారు. కరెంటు ఎక్కువైనప్పుడు తెగిపోవలసింది తెగకపోతే, దెబ్బ తగిలేది రోగికో, రోగిని పట్టుకున్న సిస్టరుకో అని మా అందరినీ పిలిచి చెప్పారు.

ఈ సేవలో నాకు అన్నింటికంటే గౌరవం కలిగించినది నవజాత శిశువుల గదిలో వాళ్ళు చేసిన పని. కామెర్లు వచ్చిన పసికందులను పెట్టే బ్లూ లైట్ యూనిట్లు మా దగ్గర వెలుగుతూనే ఉన్నాయి, అందువల్ల అవి బాగున్నాయనే అందరి నమ్మకం. వాళ్ళు వెంట తెచ్చిన, కాంతి తీవ్రతను కొలిచే రేడియోమీటరును పరుపు ఎత్తులో పెట్టి కొలిచారు. కామెర్లకు కారణమయ్యే బిలిరుబిన్ రక్తంలో బాగా పెరిగిన బిడ్డకు ఇచ్చే చికిత్సలో 460 నుంచి 490 నానోమీటర్ల నీలి కాంతి, చదరపు సెంటీమీటరుకు నానోమీటరుకు కనీసం 30 మైక్రోవాట్ల తీవ్రతతో శరీరంపై పడాలి. పాత ట్యూబులున్న యూనిట్లు అందులో సగానికి కూడా రాలేదు. ఆ ట్యూబులు కంటికి నీలంగా కనిపిస్తూనే, వాడిన గంటలు పెరిగిన కొద్దీ శక్తి కోల్పోతాయి. బిలిరుబిన్ ఎందుకు తగ్గడం లేదో తెలియక పసివాళ్ళను ఇంకొక రోజు, ఇంకొక రోజు అని లైటు కింద ఉంచడం, ఏటూరునాగారం వైపు పల్లెల నుంచి వచ్చిన తల్లులు వరండాలో పడిగాపులు కాయడం మాకు తెలియని సంగతి కాదు. ట్యూబులు మార్చి, దీపానికీ బిడ్డకూ మధ్య దూరాన్ని సరిచేసి, తీవ్రతను మళ్ళీ కొలిచి, ఆ అంకెను తేదీతో సహా యూనిట్ మీద రాసి ఇచ్చారు. "సిస్టర్, ఇది వెలుగుతున్నదా అని అడగకండి, ఎంత ఇస్తున్నదని అడగండి" అని వాళ్ళలో ఒకరు మా ఇంచార్జి సిస్టరుతో అన్న మాటను మేము ఇప్పుడు ప్రతి యూనిట్‌కూ వర్తింపజేస్తున్నాము.

పసికందులను వెచ్చగా ఉంచే వార్మర్ల విషయంలోనూ అదే శ్రద్ధ చూపారు. బిడ్డ చర్మానికి అంటించే, ఉష్ణోగ్రతను కొలిచే ప్రోబ్ ఎంత చూపిస్తే యంత్రం దాన్నిబట్టే వేడిని పెంచడం, తగ్గించడం చేస్తుంది. ప్రోబ్ ఒక డిగ్రీ తక్కువ చూపిస్తే, 36.5 డిగ్రీలకు పెట్టిన వార్మరు బిడ్డను అవసరానికి మించి కాలుస్తుంది. అందుకని ప్రోబ్‌లన్నింటినీ గోరువెచ్చని నీటిలో, నమ్మకమైన థర్మామీటరు పక్కన ఉంచి సరిచూశారు. తేడా చూపినవాటిని అక్కడికక్కడే పక్కన పెట్టించి, కొత్తవి వచ్చేదాకా ఆ వార్మర్లను వాడనీయలేదు. ఆ వారం మాకు ఇబ్బంది అయింది. అయినా వాళ్ళు పట్టుబట్టడమే సరైనది.

నోటిలో, గొంతులో చేరిన స్రావాలను లాగేసే సక్షన్ మిషన్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతంలో ఆ యంత్రానికి ఉన్న ప్రాధాన్యం బయటివాళ్ళకు అంత సులువుగా అర్థం కాదు. ఇది పత్తి పండే నేల. వానాకాలం పంట మీద మందు కొట్టే రోజుల్లో పీల్చి పడిపోయినవాళ్ళు, అప్పులకు తాళలేక తాగినవాళ్ళు వస్తూనే ఉంటారు. ఆర్గానోఫాస్ఫరస్ మందు ఒంట్లోకి వెళ్ళినవారికి నోటినుంచి, ఊపిరితిత్తుల నుంచి నురగ ఆగకుండా ఊరుతుంది. విరుగుడు మందు అట్రోపిన్ ఇస్తూనే ఆ స్రావాలను లాగేస్తూ ఉండకపోతే మనిషి తన ఊపిరిలోనే మునిగిపోతాడు. అటువంటి గదిలో సక్షన్ మిషన్ మోగుతూ ఉండి లాగకపోవడం కన్నా భయంకరమైనది ఇంకొకటి ఉండదు. "మోటరు తిరుగుతున్నది గానీ గుంజుతలేదు సార్" అని మా అటెండరు చూపించిన మిషన్లను వాళ్ళు ఒక్కొక్కటిగా తీసి, గొట్టం కొసను బొటనవేలితో మూసి గేజీ చూశారు. ఎక్కువ వాటిలో మోటరుకు ఏ జబ్బూ లేదు. జాడీ మూత కింది రబ్బరు వాషరు ఎండి పగిలిపోయింది, కొన్నింటిలో గొట్టాలను తారుమారు చేసి బిగించారు, ఒకటి రెండింటిలో జాడీ నిండినప్పుడు దారి మూయవలసిన ఫ్లోటు ఇరుక్కుపోయి ద్రవం పంపులోకే వెళ్ళింది. ఈ చివరి రకం మిషన్లను పూర్తిగా విప్పి, కడిగి, పంపు లోపల తిరిగే రెక్కలు (వేన్లు) మార్చవలసి వచ్చింది. చేతికి తొడుగులు, ముఖానికి మాస్కు లేకుండా విద్యార్థులెవరినీ దాని దగ్గరికి రానివ్వలేదు. గేజీలను కూడా సరిచూశారు. పెద్దవారికి గట్టిగా లాగినా పరవాలేదు గానీ, అప్పుడే పుట్టిన బిడ్డకు 100 మిల్లీమీటర్ల పాదరస పీడనాన్ని మించకూడదు కనుక, గేజీ అబద్ధం చెబితే పసి గొంతు లోపల గాయమవుతుంది. వానాకాలమంతా ఆ మిషన్లు ఆగకుండా పనిచేశాయి.

2021లో కోవిడ్ రెండో ఉద్ధృతి సమయంలో దాతలు ఇచ్చిన ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు మా దగ్గర ఎన్నో ఉన్నాయి, వాటిలో పనిచేసేవి తక్కువ. విరాళపు పరికరాలతో పాటు విడిభాగాలు, వాడుక పుస్తకాలు, శిక్షణ కూడా అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ హడావిడిలో మాకు అందినవి పెట్టెలు మాత్రమే. కాన్సంట్రేటరు లోపల జియోలైట్ గుళికలు గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఉంచి ఆక్సిజన్‌ను వదులుతాయి. నెలల తరబడి వాడకుండా తేమలో వదిలేస్తే గుళికలు నీటి ఆవిరిని పీల్చుకొని ఆ శక్తిని పోగొట్టుకుంటాయి. అప్పుడు యంత్రం శబ్దం చేస్తుంది, గొట్టంలో గాలి వస్తుంది, ఆ గాలిలో ఆక్సిజన్ మాత్రం ఉండవలసినంత ఉండదు. బృందం ప్రతి యంత్రాన్నీ నిమిషానికి 5 లీటర్ల ప్రవాహం దగ్గర నడిపి, అనలైజరుతో కొలిచింది. 90 శాతం పైన నిలిచినవాటికి ఫిల్టర్లు మార్చి వార్డుకు పంపారు. 82 శాతం కిందికి పడిపోయినవాటిని బాగుచేయడం అనవసరమని తేల్చి, కండెమ్ చేయమని రాసి ఇచ్చి, వాటి చక్రాలు, ఫ్యాన్లు, మీటర్లు మిగతావాటికి విడిభాగాలుగా తీసి పెట్టారు. దాతల పేర్లు అతికించి ఉన్న యంత్రాలను పారేయమనడం మా యాజమాన్యానికి కష్టంగానే తోచింది. ఉచితంగా పనిచేయడానికి వచ్చినవాళ్ళు ఎన్ని బాగుచేశామన్న లెక్క పెంచుకోవడానికి ఆశపడకుండా, ఇది రోగికి పనికిరాదని నిర్మొహమాటంగా చెప్పడం నా దృష్టిలో మరమ్మతు కన్నా పెద్ద సేవ.

పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవులకు ఇక్కడి బోరు నీటి ఉప్పే శత్రువు. హీటరు మీద పేరుకున్న పొరను తొలగించి, గాస్కెట్లు మార్చి, 121 డిగ్రీలు, 15 పౌండ్ల పీడనం దగ్గర సేఫ్టీ వాల్వు పనితీరును చూసి, లోపల ఇండికేటరు పట్టీ పెట్టి పరీక్షించి ఇచ్చారు. ల్యాబ్‌లోని సెంట్రిఫ్యూజుకు కార్బన్ బ్రష్‌లు మార్చారు. మైక్రోస్కోపు కటకాలకు పట్టిన బూజును తుడిచారు. ఈ చిన్న సామగ్రిలో చాలావరకు హన్మకొండ దుకాణాల్లోనే దొరికింది, దొరకనిదాన్ని హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి తెప్పించుకున్నాము. సామగ్రి ఖర్చు మాది, కొన్న ప్రతిదానికీ బిల్లు మా లెక్కల విభాగానికి ఇచ్చారు.

వాళ్ళు ముట్టుకోనివి కూడా ఉన్నాయి. ఎక్స్‌రే యంత్రాన్ని చూడమంటే, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉన్న సర్వీసు సంస్థలు తప్ప ఇంకెవరూ దానిని విప్పకూడదని స్పష్టంగా చెప్పి, బయటి కేబుళ్ళు కూడా తాకలేదు. వెంటిలేటరును పరీక్షించే పరికరం తమ దగ్గర లేదు కనుక దానిని తీసుకోలేదు. మందును కొలత ప్రకారం నెమ్మదిగా ఎక్కించే సిరంజి పంపులు మాత్రం నాకు చాలా నిరాశ కలిగించాయి. బ్యాటరీలు మార్చిన తరువాత వాటిని క్యాలిబ్రేట్ చేయాలంటే (కొలత సరిచేయాలంటే) కంపెనీ పాస్‌వర్డు కావాలి, ఆ పాస్‌వర్డును కంపెనీ తన ఇంజనీర్లకు తప్ప ఎవరికీ ఇవ్వదు. మందు గంటకు ఎంత వెళుతున్నదో నిర్ధారించలేని పంపును రోగికి పెట్టలేమని, బ్యాటరీ మార్చిన పంపులను కూడా వాడవద్దన్న చీటీతోనే తిరిగి ఇచ్చారు. మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో తెచ్చిన పోర్టల్‌లో మొదట చేర్చిన నాలుగు రంగాలు వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు. ట్రాక్టరు గురించి ఆలోచించినంతగా ప్రాణాలు నిలిపే పంపు గురించి కూడా ఆలోచించాలని నేను గట్టిగా కోరుతున్నాను. విదేశాల్లో ఐఫిక్సిట్ అనే సంస్థ 2020లో కోవిడ్ వేళ వేలకొద్దీ వైద్య పరికరాల సర్వీసు పుస్తకాలను సేకరించి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. మా బృందం సగం పని వాటి సాయంతోనే చేసింది.

లోపాలు కూడా చెప్పాలి. వాళ్ళు ఇచ్చిన నివేదిక చక్కగా ఉంది గానీ మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. జాడీలు కడిగేది, ఫిల్టర్లు దులిపేది మా ఆయమ్మలు, అటెండర్లు. వాళ్ళ చేతికి అందవలసిన సూచనలు తెలుగులో, పెద్ద అక్షరాలతో, యంత్రం మీదనే ఉండాలి. మేము అడిగిన తరువాత సక్షన్ మిషన్లకు మాత్రం అలా కార్డులు రాసి ఇచ్చారు, మిగతావి మేమే తయారు చేసుకున్నాము. శిక్షణ పగటి డ్యూటీలో ఉన్న సిస్టర్లకే అందింది, యంత్రాలు ఆగేది మాత్రం ఎక్కువగా రాత్రుల్లోనే. ఇవన్నీ కాకుండా ఒక ముఖ్యమైన లోటు ఉంది. బాగుచేసిన యంత్రం మూడు నెలల తరువాత ఆగితే ఎవరు చూడాలన్నదానికి వాళ్ళ దగ్గర ఏర్పాటు లేదు. ఫోనులో ఓపికగా చెబుతారు, వీడియోలో చూసి ఏ స్క్రూ విప్పాలో చూపిస్తారు, కానీ విద్యార్థుల సెలవులు అయిపోయాక మనిషి రావడం కష్టం. ఒక వార్మరు దీపావళి తరువాత మళ్ళీ మొరాయించి, సంక్రాంతి దాకా అలాగే ఉండిపోయింది. అది వాళ్ళ శ్రద్ధ లోపం అనను. స్వచ్ఛంద సేవకు సహజంగా ఉండే హద్దు అది. ఆసుపత్రి తన సొంత మనిషిని తయారు చేసుకుంటేనే ఈ హద్దు దాటగలం. మేము ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివిన ఒక కుర్రవాడిని ఆ రోజుల్లో వాళ్ళ వెంటే తిప్పి, ఇప్పుడు పరికరాల రిజిస్టరు అతని చేతికి ఇచ్చాము. సాకెట్లు, ఫ్యూజులు, గొట్టాలు, ఫిల్టర్ల పని అతనే చూసుకుంటున్నాడు.

ఇటువంటి బృందాన్ని పిలవాలనుకునే ఆసుపత్రులకు నా సలహా ఇది. పరికరాల జాబితాను కంపెనీ, మోడల్ నంబరు, ఎప్పుడు ఆగింది, ఆగేముందు ఏం చేసింది అన్న వివరాలతో ముందే రాసి పంపండి, విడిభాగాలు వెంట తెచ్చుకోవడానికి వాళ్ళకు అదే ఆధారం. వారంటీ, ఏఎంసీ ఉన్న యంత్రాలను విప్పించకండి, కంపెనీ బాధ్యత పోతుంది. రోగి స్రావాలు అంటిన యంత్రాలన్నింటినీ శుద్ధి చేసి పెట్టండి. సామగ్రికి కొంత నగదు, పనికి వెలుతురు, గాలి ఉన్న ఒక గది, తాళం చెవులు తెలిసిన ఒక మనిషిని కేటాయించండి. పిలిచే కాలం కూడా చూసుకోండి: పత్తికి మందు కొట్టే రోజులకు ముందు ఒకసారి, మేడారం జాతర ఉన్న ఏడాదిలో మాఘమాసానికి ముందు ఇంకొకసారి అయితే, రోగుల తాకిడి మొదలయ్యేసరికి యంత్రాలు సిద్ధంగా ఉంటాయి. ఏ యంత్రాన్నయినా తిరిగి తీసుకునేటప్పుడు దాన్ని కొలిచిన అంకె, కొలిచిన పరికరం పేరు, తేదీ, సంతకం ఉన్న కాగితం అడగండి. ఈ బృందం అడగకుండానే ఇస్తుంది. ఇంకెవరైనా ఇవ్వడానికి వెనకాడితే ఆ యంత్రాన్ని వార్డులోకి తీసుకోకండి.

ఈ వేసవికి మేము వాళ్ళను మళ్ళీ పిలిచాము. ఈసారి శిక్షణను రాత్రి డ్యూటీ సిస్టర్లకు కూడా ఇవ్వాలని, తెలుగు కార్డులు అన్ని యంత్రాలకూ రాయాలని కోరాము, రెండింటికీ ఒప్పుకున్నారు. సిరంజి పంపుల కోసం కంపెనీకి మా యాజమాన్యం రాసిన ఉత్తరానికి జవాబు ఇంకా రావలసి ఉంది.